జీబ్రుగ్ గంట: స్మరణలో సత్యానికి గల స్థానం

యుద్ధంలో మరణించిన వారిని స్మరించుకొనే ఆచారం అన్ని జాతులలోనూ ఉన్నది. కొందరు స్తూపాలు నిలుపుతారు, కొందరు దీపాలు వెలిగిస్తారు, కొందరు రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఇంగ్లండులోని డోవర్ పట్టణం మాత్రం ఒక గంట మోగిస్తుంది. వినడానికి ఇది చిన్న విషయంగా తోచవచ్చును. కాని ఒక పట్టణం తన గతాన్ని ఏ విధంగా జ్ఞాపకం ఉంచుకోవాలి, ఆ జ్ఞాపకాన్ని తన పిల్లలకు ఏ విధంగా అందించాలి అనే ప్రశ్నకు ఆ గంటతో దగ్గరి సంబంధం ఉన్నది. అందువలన దానిని గూర్చి మన విద్యార్థులు ఆలోచించడం అవసరమని మేము భావిస్తున్నాము.

డోవర్ ఇంగ్లండుకు ఆగ్నేయాన ఉన్న రేవు పట్టణం. అక్కడి నుండి సముద్రం మీదుగా ఫ్రాన్సు తీరం దాదాపు 21 మైళ్ళు మాత్రమే. పట్టణం నడుమ మేజాన్ ద్యూ అనే ప్రాచీన భవనం ఒకటి ఉన్నది. ఆ ఫ్రెంచి పేరుకు దేవుని ఇల్లు అని అర్థం. క్రీ. శ. 13వ శతాబ్ది ఆరంభంలో హ్యూబర్ట్ డి బర్గ్ అనే ప్రభువు, కాంటర్‌బరీ యాత్రకు సముద్రం దాటి వచ్చే బాటసారుల కొరకు దానిని కట్టించాడు. మన భాషలో చెప్పాలంటే అది ఒక ముసాఫిరుఖానా. కాలక్రమంలో అనేకుల చేతులు మారి, 19వ శతాబ్దిలో పురపాలక భవనమైంది. ఆ భవనం ముందు భాగాన వేలాడే గంటకే జీబ్రుగ్ గంట అని పేరు. ప్రతి సంవత్సరం ఏప్రిల్ 23వ తేదీన, సరిగా మధ్యాహ్నం పన్నెండు గంటలకు పట్టణ మేయరు ఆ గంటను ఎనిమిది మార్లు మోగిస్తారు. అంతకు ముందు పట్టణంలోని సెయింట్ జేమ్స్ శ్మశానవాటికలో నావికుల సమాధులపై పూలచక్రాలు ఉంచుతారు.

ఎనిమిది మార్లే ఎందుకు మోగించాలనే సందేహం రావచ్చును. ఓడలలో నావికుల కాపలా నాలుగేసి గంటల వంతులుగా సాగుతుంది. అరగంటకొకసారి ఓడ గంట కొడతారు. మొదటి అరగంటకు ఒక దెబ్బ, తరువాతి దానికి రెండు, ఇట్లు పెరుగుతూ ఎనిమిది దెబ్బలు పడేసరికి ఒక కాపలా ముగిసి కొత్తవారు వస్తారు. పాతవారు విశ్రమిస్తారు. అందుచేతనే నావికుల వాడుకలో ఎనిమిది దెబ్బలనే మాట మరణానికి కూడా సంకేతమైంది. డోవర్‌లో ఏటా మోగే ఆ దెబ్బలకు కాపలా ముగించి విశ్రమించిన వారి జ్ఞాపకమే అర్థం.

ఆ కాపలా ఎటువంటిదో ఇప్పుడు చూద్దాము.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బెల్జియం తీరం జర్మనుల వశంలో ఉండేది. తీరానికి సుమారు ఎనిమిది మైళ్ళ లోపల ఉన్న బ్రూజ్ నగరాన్ని వారు జలాంతర్గాములకు స్థావరంగా చేసుకొన్నారు. అక్కడి నుండి ఒక కాలువ జీబ్రుగ్ అనే చోట సముద్రంలో కలుస్తుంది. ఆ కాలువ గుండా జలాంతర్గాములు బయటికి వచ్చి, ఇంగ్లీషు ఛానెల్‌లోని వర్తక నౌకలను ముంచి, మరల సురక్షితంగా లోపలికి చేరేవి. 1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే ప్రపంచ సముద్రాలన్నింటిలోనూ కలిపి ఎనిమిది లక్షల టన్నులకు పైబడిన నౌకాసంపద మునిగిపోయింది. తిండిగింజలు సైతం ఓడల మీద రావలసిన బ్రిటనుకు ఇది ప్రాణాంతకమైన పరిస్థితి. అందుచేత కాలువ ముఖాన పాత ఓడలను ముంచి దారిని మూసివేయాలని డోవర్ నౌకాదళాధిపతి రోజర్ కీస్ సంకల్పించాడు.

ఆ పని చెప్పినంత సులభం కాదు. జీబ్రుగ్ రేవుకు రక్షణగా మైలుకు మించిన పొడవుగల రాతికట్ట ఒకటి సముద్రంలోకి వంపు తిరిగి చొచ్చుకొని ఉండేది. దాని చివర ఫిరంగులు ఉండేవి. ఆ ఫిరంగుల దృష్టిని మరల్చకుండా ఏ ఓడా కాలువను సమీపించలేదు. కనుక విండిక్టివ్ అనే పాత యుద్ధనౌక, ఐరిస్, డాఫోడిల్ అనే రెండు పడవలు సైనికులను ఆ కట్ట మీదికి దించాలని నిశ్చయించారు. ఈ రెండు పడవలూ అంతకు ముందు లివర్‌పూల్ వద్ద మెర్సీ నదిపై ప్రయాణికులను ఒడ్డుకు చేర్చుతూ ఉండినవే. ఒడ్డు నుండి కట్ట మీదికి సహాయం రాకుండా, సి-3 అనే జలాంతర్గామిలో టన్నుల కొలది పేలుడు పదార్థం నింపి, కట్టను తీరంతో కలిపే ఇనుప వంతెన కింద పేల్చివేయాలనుకొన్నారు. ఈ గందరగోళం నడుమ థెటిస్, ఇంట్రెపిడ్, ఇఫిజీనియా అనే మూడు ఓడలు కాలువలోకి ప్రవేశించి మునిగిపోవాలి. ఇదీ పథకం. దాదాపు 1,700 మంది, చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 75 ఓడలు ఇందులో పాల్గొన్నాయి.

ఏప్రిల్ 11వ తేదీన ఒకసారి బయలుదేరి, గాలి ఎదురు తిరుగగా వెనుకకు వచ్చారు. మూడు రోజుల తరువాత చేసిన ప్రయత్నం కూడా వాతావరణం బాగుండక ఆగిపోయింది. చివరకు 1918 ఏప్రిల్ 22వ తేదీ సాయంకాలం బయలుదేరి అర్ధరాత్రి వేళకు జీబ్రుగ్ చేరుకొన్నారు. తెల్లవారితే ఇంగ్లండు రక్షక పురుషుడుగా భావించబడే సెయింట్ జార్జ్ పండుగ దినం. ఓడలను కప్పి ఉంచిన కృత్రిమ పొగ తెర చివరి క్షణాలలో గాలి మారి చెదిరిపోయింది. విండిక్టివ్ అనుకొన్న చోట ఆగలేక ముందుకు సాగిపోయింది. సైనికులు దిగవలసిన పలకలలో అత్యధికం గుండ్లకు పగిలిపోయి, రెండు మాత్రం మిగిలాయి. వారు ఆ రెండింటి మీదుగానే తుపాకుల ఎదుటికి దిగారు. ఓడ కట్టను అంటి నిలువలేకపోగా డాఫోడిల్ తన ముక్కుతో దానిని కట్టకు అదిమిపట్టి ఉంచవలసివచ్చింది. ఐరిస్‌పై ఒక గుండు పడి లోపల వేచి ఉన్న సైనికులలో అనేకులు ఒక్కసారిగా నేలకూలారు. ఆ పడవ నుండి కట్ట మీదికి దూకి లంగరు తగిలించిన జార్జ్ బ్రాడ్‌ఫోర్డ్ మరుక్షణమే మరణించాడు. ఆ రోజు అతని 31వ జన్మదినం.

జలాంతర్గామి సి-3ను మాత్రం లెఫ్టినెంట్ రిచర్డ్ శాండ్‌ఫోర్డ్ సరిగా వంతెన కిందికి చేర్చి, పేలుడు వత్తిని అంటించి, తన ఐదుగురు సహచరులతో చిన్న పడవలో బయటపడ్డాడు. ఆరుగురూ ప్రాణాలతో దక్కారు. థెటిస్ కాలువను చేరక ముందే నేలకు తగిలి ఆగిపోయింది. ఇంట్రెపిడ్, ఇఫిజీనియా కాలువ ముఖాన మునిగాయి. సుమారు గంటసేపట్లో అంతా ముగిసింది. మరణించిన బ్రిటిష్ వారు సుమారు 200 మంది, గాయపడినవారు 300కు పైగా ఉన్నారు. జర్మనుల పక్షాన మరణించిన వారు పదిమందికి మించరు.

వెంటనే ఇంగ్లండు అంతటా జయజయధ్వానాలు చెలరేగాయి. అప్పటికి నెల రోజులుగా ఫ్రాన్సులో జర్మన్ సైన్యాలు ముందుకు దూసుకొని వస్తూ ఉండినవి. నిరాశలో ఉన్న ప్రజలకు ఈ సాహస వార్త సంజీవని వలె పనిచేసింది. ఎనిమిది విక్టోరియా క్రాస్ పతకాలు ప్రకటించబడ్డాయి. అదే సంవత్సరం జర్మనులు వెళ్ళిపోయిన పిదప, జీబ్రుగ్‌లో వారు దాడుల హెచ్చరికకు వాడుతూ వచ్చిన గంట బెల్జియం రాజు కానుకగా డోవర్ చేరింది.

కాని, కాలువ మూతపడిందా? ఈ ప్రశ్నకు సమాధానం సంతోషకరమైనది కాదు. మునిగిన ఓడల పక్కన జర్మనులు బురద తవ్వి, ఒడ్డున ఉన్న కొయ్య కట్టడాలను తొలగించి, కొద్ది దినాలలోనే పోటు సమయాన జలాంతర్గాములు దాటిపోయే దారి చేసుకొన్నారు. అదే రాత్రి ఓస్టెండ్ రేవుపై జరిగిన దాడి పూర్తిగా విఫలమైంది. మే 10వ తేదీన మరల ఓస్టెండ్‌పై ప్రయత్నించగా విండిక్టివ్ అక్కడనే మునిగింది, కాని ఆ దారి కూడా పూర్తిగా మూతపడలేదు. ఆ తీరంలోని జలాంతర్గాముల బెడద నిజంగా తీరినది శరదృతువులో జర్మన్ సైన్యం బెల్జియం తీరాన్ని విడిచిపోయినప్పుడే.

మరి, లక్ష్యం నెరవేరని దాడిని నూరేళ్ళకు పైగా గంట మోగించి స్మరించడం ఎంతవరకు సమంజసం? ఇది ఆత్మవంచన కాదా అని కొందరు అడుగుతారు. యుద్ధాన్ని పండుగగా చేసి, పసి మనసులలో రక్తదాహాన్ని పెంచే ఆచారాలను విడిచిపెట్టాలని మరికొందరు అంటారు. ఈ రెండు ఆక్షేపణలూ తేలికగా తోసివేయదగినవి కావు. అయినప్పటికీ డోవర్ గంట మోగుతూ ఉండవలసిందేనని మా అభిప్రాయం. అందుకు మా కారణాలు మనవి చేస్తున్నాము.

ఫలితాన్ని బట్టి మాత్రమే మృతులను స్మరించదలిస్తే, గెలిచిన యుద్ధాలలో చనిపోయినవారికే స్మారకాలు మిగులుతాయి. పథకం వేసిన వాడు వేరు, దానిని నమ్మి దిగిన వాడు వేరు. రెండు పలకల మీదుగా కట్టపైకి దిగిన సైనికునికి కాలువ లోతు కొలతలు తెలియవు. తన వంతు పని తాను చేయడమే అతనికి తెలుసు. అతని ఋణం అతని సేనాధిపతి లెక్క తప్పినంత మాత్రాన తీరిపోదు.

ఆ రాత్రి పాల్గొన్నవారు తమ సాహసాన్ని తాము ఎట్లా చూచుకొన్నారో కూడా గమనించదగినది. ఇచ్చిన ఎనిమిది విక్టోరియా క్రాస్‌లలో నాలుగింటికి అర్హులను ఆ దళాల వారే తమలో తాము ఓటు వేసి ఎన్నుకొన్నారు. అందరూ సమానంగా ధైర్యం చూపినప్పుడు పతకం ఎవరికి ఇవ్వాలో తేల్చలేక, పతక నిబంధనలలోనే ఉన్న ఈ పద్ధతిని అనుసరించారు. ఆ తరువాత విక్టోరియా క్రాస్‌కు ఓటు పద్ధతి మరల వాడబడలేదు. ఇట్లా ఎన్నికైన వారిలో ఆల్బర్ట్ మెకంజీ అనే సామాన్య నావికుడు ఒకడు. లండను నగరానికి చెందిన ఆ యువకుడు గాయాల నుండి కోలుకొంటూ ఉండగా, 1918 నవంబరు 3వ తేదీన ఆనాటి విషజ్వరానికి బలియై మరణించాడు. అప్పటికి అతనికి 20 ఏళ్ళు, అనగా మన డిగ్రీ విద్యార్థుల వయస్సు. యుద్ధం ముగియడానికి ఎనిమిది దినాలే మిగిలి ఉండినవి. సి-3ను నడిపిన శాండ్‌ఫోర్డ్ సైతం టైఫాయిడ్ జ్వరంతో అదే నెల 23వ తేదీన చనిపోయాడు. వీరిని స్మరించడం యుద్ధాన్ని కీర్తించడం అవుతుందని మేము అనుకోము. ఇరవై ఏళ్ళ వయస్సులో పోయిన వారి కథలు సరిగా విన్నవాడు యుద్ధానికి ఉవ్విళ్ళూరడు.

సరిగా వినడం అన్నచోటనే మా షరతు ఉన్నది. గంట మోగించేవారు ధైర్యం ఎంత చెప్పుతారో ఫలితం కూడా అంత చెప్పాలి. కాలువ మూతపడలేదని, గాలి మారగలదని ముందే తెలిసి ఉండినదని, 200 మందికి పదిమంది అనే లెక్క విజయానికి గుర్తు కాదని బాలబాలికలకు చెప్పాలి. ధైర్యాన్ని మాత్రమే చెప్పి ఫలితాన్ని దాచిన స్మరణ, మరొక తరం యువకులను మరొక తప్పుడు పథకంలోకి సులభంగా పంపగలదు. రెండూ కలిపి చెప్పిన స్మరణ, పథకాలు వేసే పెద్దలను ప్రశ్నించగల పౌరులను తయారు చేస్తుంది. పైగా అసలు ఈ గంట పుట్టుక చూచినా హెచ్చరిక గంటయే. శత్రువు వస్తున్నాడని జర్మన్ సైనికులను మేల్కొల్పడానికి అది పనిచేసింది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1940 జూన్ నుండి ఇంగ్లండులో చర్చి గంటలు మోగించడం నిషేధింపబడినది. శత్రువు నేల మీద దిగినప్పుడు మాత్రమే వాటిని మోగించాలని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. గంటకు గల ఈ మేల్కొలుపు గుణాన్ని ఏప్రిల్ 23న డోవర్ ప్రజలు మరువకుండా ఉండాలి.

శత్రువు సంగతి కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. జీబ్రుగ్ చర్చి ఆవరణలో ఆ యుద్ధ కాలపు బ్రిటిష్ సమాధులూ, జర్మన్ సమాధులూ ఒకే ప్రాకారం లోపల ఉన్నాయి. తల్లి దుఃఖానికి పక్షభేదం లేదు. డోవర్‌లో మోగే గంట ఆ పదిమంది లోపు జర్మనులను కూడా తలచుకొన్నట్లయితే దాని గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు.

ఇక మనకు సంబంధించిన మాట. ఎక్కడి డోవర్, ఎక్కడి మన కళాశాల అని పాఠకులు అనుకోవచ్చును. కాని ఏ జలాంతర్గాములను ఆపడానికి ఆ దాడి జరిగినదో, వాటి చేతిలో మరణించినవారిలో మన దేశస్థులు ఉన్నారు.

1916 ఫిబ్రవరి 27వ తేదీన మలోజా అనే ప్రయాణికుల ఓడ లండను రేవు నుండి బొంబాయికి వస్తూ, డోవర్ తీరానికి రెండు మైళ్ళ దూరంలో సముద్రపు మందుపాతర తగిలి మునిగిపోయింది. పన్నెండు వేల టన్నులకు మించిన పెద్ద ఓడ అది. ఆ మందుపాతరను ఉంచినది బెల్జియం తీరపు జర్మన్ దళానికి చెందిన యూసీ-6 అనే జలాంతర్గామి. సహాయానికి వచ్చిన మరొక ఓడ కూడా అక్కడనే మందుపాతర తగిలి మునిగింది. మలోజాలో 155 మంది మరణించారు. వారిలో భారతీయ నావికులు అనేకులు. ఆ ఓడ మృతులలో కొందరికి డోవర్ మట్టిలోనే సమాధులు ఏర్పడ్డాయి.

ఆ నావికులను ఆంగ్లేయులు లాస్కర్లు అనేవారు. ఫార్సీలో సైన్యం, దండు అనే అర్థాలు గల లష్కర్ శబ్దం నుండి వచ్చిన మాట అది. ఈ మాట మనకు కొత్త కాదు. దండు విడిసిన చోటు కావడం చేత సికిందరాబాదును లష్కర్ అనే వాడుక నేటికీ ఉన్నది. లష్కర్ బోనాలు ఎరుగని జంటనగరవాసి ఉండడు. ఒకే మాట ఒక ఊరికి పేరై పండుగలో నిలిచింది, మరొకచోట ఓడ అడుగున బొగ్గు ఎగదోసే కూలివానికి పేరై ఉప్పు నీటిలో కలిసింది. బొగ్గు కొట్టులలో, ఇంజను గదులలో పనిచేసిన ఈ లష్కర్లలో ముస్లిములు అధిక సంఖ్యాకులు. ఓడ మునిగినప్పుడు అడుగు భాగాన ఉన్నవారికి పైకి వచ్చే వ్యవధి తక్కువ. జీతమూ తెల్లవారి జీతంతో పోల్చదగినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్రమే సమాధి అయిన రెండు వేలకు పైచిలుకు నావికుల పేర్ల మీద బొంబాయిలో ఒక స్మారకం ఉన్నది. కలకత్తాలో హుగ్లీ ఒడ్డున 1924లో లాస్కర్ స్మారకం నిర్మించబడినది. అది అవిభక్త బెంగాల్, అస్సాం, ఉత్తర భారత ప్రాంతాలకు చెందిన 896 మంది జ్ఞాపకార్థం వెలసినది. మన చరిత్ర తరగతులలో ఈ రెండింటి ప్రస్తావన వినిపించడం అరుదు.

జీబ్రుగ్ దాడి కథలో ఈ లష్కర్లకు కూడా చోటు ఉండాలని మేము కోరుతున్నాము. దాడి ఎందుకు చేయవలసి వచ్చినదో చెప్పేటప్పుడు మలోజా పేరు చెప్పక తప్పదు. మలోజా పేరు చెప్పినప్పుడు బొంబాయి దారిలో పోయిన ఆ నావికుల సంగతి చెప్పక తప్పదు. ఇది డోవర్ వారి దయాదాక్షిణ్యాలకు సంబంధించినది కాదు, చరిత్రను పూర్తిగా చెప్పడానికి సంబంధించినది. అయితే ఇతరులను అడిగే ముందు మనం ఏమి చేస్తున్నామో చూచుకోవడం న్యాయం.

సముద్రం మీదుగా వచ్చిన దాడిని మన తెలుగు తీరం కూడా చవిచూచింది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుండి లేచిన విమానాలు విశాఖపట్టణం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంతకు ముందు దినమే కొలంబోపై దాడి జరిగినది. మూడు రోజుల తరువాత ట్రింకోమలీ వంతు వచ్చింది. ఆ కొద్ది దినాలలో బంగాళాఖాతంలో ఇరవై దాకా వర్తక నౌకలు మునిగిపోయాయి. వాటిలోనూ భారతీయ నావికులు ఉండిరి. విశాఖ నుండి జనం మూటాముల్లె సర్దుకొని లోతట్టు గ్రామాలకు తరలిపోయారు. రెండవ ప్రపంచ యుద్ధం భారత భూమి మీదికి అడుగుపెట్టిన తొలి ఘట్టాలలో ఇది ఒకటి. అది జరిగినది మన గడ్డ మీద.

ఏప్రిల్ 6వ తేదీ విశిష్టత ఏమని మన విద్యార్థులను అడిగితే ఎందరు చెప్పగలరు? డిసెంబరు 4వ తేదీ సంగతి వేరు. 1971లో మన నౌకాదళం కరాచీ రేవుపై చేసిన దాడికి గుర్తుగా ఆ దినాన్ని నౌకాదళ దినోత్సవంగా జరుపుతారు. ఆ యుద్ధ విజయానికి చిహ్నంగా విశాఖ సముద్రతీరాన 1996లో స్మారకం వెలసింది. ఆ యుద్ధంలో మన నావికులు చూపిన సాహసం గౌరవించదగినదే. కాని మనం చేసిన దాడికి ఒక దినం ఉండగా, మన మీద జరిగిన దాడికి గంట కాదు గదా, తరగతి గదిలో పది నిమిషాల పాఠం కూడా లేకపోవడం విచారకరం. గెలుపును మాత్రమే గుర్తుంచుకొనే జాతికి యుద్ధం సగమే తెలుస్తుంది. బాంబు కింద నిలబడిన రేవు కూలీకి, రాత్రికి రాత్రి ఇల్లు విడిచిన తల్లికి తెలిసిన సగం దానికి తెలియదు.

ఈ విషయంలో కాలం మన కొరకు ఆగదు. 1942లో పదేళ్ళ బాలురుగా ఉన్నవారికి నేడు తొంభై ఏళ్ళు దాటాయి. ఆనాడు తాము విన్న చప్పుడు ఎటువంటిదో, ఏ దారిన పారిపోయారో, ఎవరు ఆశ్రయమిచ్చారో చెప్పగలిగినవారు వేళ్ళపై లెక్కించదగినంత మంది మాత్రమే మిగిలి ఉంటారు. జీబ్రుగ్ దాడిలో పాల్గొన్నవారు ఎవరూ నేడు జీవించి లేరు. అయినా డోవర్‌లో మేయరు తరువాత మేయరు గంట తాడు పట్టుకొంటున్నారు గనుక ఆ కథ మాసిపోలేదు. మన వద్ద తాడూ లేదు, గంటా లేదు. ఉన్న కొద్ది మంది సాక్షుల మాట కూడా రాసిపెట్టకపోతే, మన మనుమలకు 1942 ఏప్రిల్ 6 అనేది ఇతర దేశాల గ్రంథాలలో రెండు పంక్తుల వార్తగా మాత్రమే మిగులుతుంది.

అందుచేత కళాశాల పాలకవర్గం వారికి, ఆచార్యులకు, విద్యార్థి మిత్రులకు మూడు విన్నపాలు చేస్తున్నాము. మొదటిది, వేసవి సెలవులలో కోస్తా జిల్లాలలో బంధువులున్న విద్యార్థులు తమ కుటుంబాలలోని వృద్ధులను కలిసి, ఆనాటి సంగతులను వారి మాటలలోనే రాసి తీసుకురావాలి. ఉర్దూలో చెప్పినవారివి ఉర్దూలో, తెలుగులో చెప్పినవారివి తెలుగులో ఉంచి, ఈ సంచికలోనే ప్రచురించవచ్చును. రెండు లిపులు పక్కపక్కన నిలిచే ఇటువంటి పత్రికకు అంతకంటె తగిన పని మరొకటి లేదు. రెండవది, చరిత్ర శాఖ వారు లష్కర్లను గూర్చిన పుస్తకాలను గ్రంథాలయానికి తెప్పించాలి. ఇందుకు పెద్ద మొత్తం అవసరం లేదు. మూడవది, ప్రతి సంవత్సరం ఏప్రిల్ 6వ తేదీన కళాశాలలో ఉన్న గంటనే ఎనిమిది మార్లు మోగించి, రెండు భాషలలోనూ ఒక పేజీ చదవాలి. ఆ తేదీకి పరీక్షలు, సెలవులు అడ్డు వచ్చినట్లయితే దగ్గరి పని దినాన్ని ఎంచుకోవచ్చును. ఉపన్యాసాలు అవసరం లేదు, దండలు అవసరం లేదు, ముఖ్య అతిథి అవసరం లేదు. పిరియడు మారే వేళ మోగే గంట ఆ ఒక్క రోజున మరికొన్ని దెబ్బలు ఎక్కువ మోగితే, ఎందుకని మొదటి సంవత్సరపు విద్యార్థి అడుగుతాడు. అతనికి సమాధానం చెప్పగలవారు పై తరగతిలో ఉంటే చాలు.

ఆ చదివే పేజీ విషయంలో మేము డోవర్ వారికి పెట్టిన షరతును మనకు కూడా పెట్టుకోవలసి ఉన్నది. జరిగినది జరిగినట్లు ఉండాలి. మన బాధను పెంచి చెప్పరాదు, పరుల బాధను తగ్గించి చెప్పరాదు. పరాయి పాలకుల యుద్ధంలో మన రేవులు ఎందుకు గురిగా మారాయో, మన ప్రజల రక్షణకు ఆనాటి ప్రభుత్వం ఏ మేరకు సిద్ధపడి ఉండినదో కూడా విద్యార్థులు విచారించాలి. జవాబులు కొన్ని మనకు ఇబ్బంది కలిగించవచ్చును. జీబ్రుగ్ కాలువ మూతపడలేదన్న సత్యం డోవర్ పౌరులకు ఇబ్బందికరమైనదే, అయినా వారి గంట ఆగలేదు. సత్యం చెప్పిన తరువాత కూడా మోగించదగినదే నిజమైన స్మారక గంట. మన పాలకవర్గం వారు రానున్న సమావేశంలో ఈ మూడు విన్నపాలను పరిశీలించి, రాబోయే ఏప్రిల్‌కు ముందుగానే తమ నిర్ణయం తెలియజేయగలరని ఆశిస్తున్నాము.